తినదగిన శిల్పం

పాఠ్యభాగ ఉద్దేశం

శిల్పమనగానే రాయి, కొయ్య, లోహం, మట్టి గుర్తుకు వస్తాయి. తినే పదార్థంతో మలచిన రూపాన్ని శిల్పమనవచ్చునా? ఆకలి తీర్చవలసిన పిండిని బొమ్మలకు వినియోగించడం ఉచితమేనా? రుషికొండ తీరంలో చదువుకున్న ఒక విద్యార్థి అనుభవం ద్వారా ఈ ప్రశ్నలను విద్యార్థుల ముందుంచడమే ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

మన ప్రాచీనులు కళలను అరవై నాలుగుగా లెక్కించారు. వాత్స్యాయనుడు చెప్పిన పట్టికలో సంగీతం, నృత్యం, చిత్రలేఖనాల సరసనే 'తండులకుసుమబలివికారాలు' అనే కళ ఒకటి కనిపిస్తుంది. బియ్యంతోను, పువ్వులతోను రకరకాల ఆకృతులు తీర్చడమని దాని అర్థం. శాకపాకాలను, భక్ష్యాలను వండే నేర్పును అదే పట్టికలో వేరొక కళగా పేర్కొన్నారు. వండడం ఒక విద్య అయితే, వండక ముందే గింజకు రూపం కల్పించడం మరొక విద్య అన్నమాట.

తెలుగు ఇళ్ళలో ఈ రెండవ విద్యకు ప్రత్యేకమైన పేరు లేదు గాని ఆచరణ మాత్రం తరతరాలుగా ఉంది. ఏ పూజకైనా ముందు పసుపుముద్దను మూడు వేళ్ళతో నొక్కి గణపతిని చేస్తారు. శ్రావణ మంగళవారాల నోములో చలిమిడితో ప్రమిదలు చేసి, నేతి వత్తులు వేసి జ్యోతులు వెలిగిస్తారు. వ్రతం ముగిసిన తరువాత ఆ ప్రమిదలనే ప్రసాదంగా తింటారు. నెయ్యి ఇంకి, అంచులు కొద్దిగా మాడిన ఆ చలిమిడి రుచి తెలిసినవారు దానిని మరచిపోలేరు. ఇంత పని చేసే మా అమ్మమ్మను ఎవరూ శిల్పి అని పిలవలేదు. పిలిచినా ఆమె నవ్వి ఊరుకునేది.

వీటన్నింటిలోకి శిల్పమనే మాటకు దగ్గరగా వచ్చేవి పంచదార చిలకలు. పెళ్ళి సారెలో కావిడి నిండా వీటిని పంపడం మన ప్రాంతంలో గొప్ప ముచ్చట. కొయ్య అచ్చు రెండు చెక్కలుగా ఉంటుంది. వాటి లోపలి వైపున చిలక ఆకారం సగం సగంగా తొలిచి ఉంటుంది. అచ్చును నీటిలో నానబెట్టి, రెండు చెక్కలను జతచేసి దారంతో బిగించి కడతారు. పంచదార పాకం తగిన పదునుకు వచ్చిన తరువాత దింపి, అది తెల్లబారే వరకు గరిటెతో కలిపి, పై రంధ్రం గుండా పోస్తారు. కలపడంలోనే రహస్యమంతా ఉంది. కలిపినప్పుడు పాకంలో సన్నని స్ఫటికాలు ఏర్పడతాయి. అవి ఒకదానినొకటి పట్టుకొని కొద్ది నిమిషాలలోనే గడ్డకడతాయి. కట్లు విప్పితే ముక్కు, రెక్క, తోక చెదరకుండా తెల్లని చిలక బయటికి వస్తుంది.

నేను తొమ్మిదవ తరగతి చదువుతున్న సంవత్సరం ఆగస్టు నెలలో మా చిత్రకళా ఉపాధ్యాయిని అటువంటి అచ్చులజత ఒకటి తరగతికి తెచ్చారు. మా పాఠశాల రుషికొండ తీరమార్గానికి చేరువలో ఉంటుంది. కిటికీ తెరిస్తే సముద్రపు గాలి తిన్నగా లోపలికి వస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం అయిదు చిలకలు పోసి అలమరలో పెట్టాము. శనివారం ఉదయం చూసేసరికి వాటికి చెమట పట్టింది. పంచదార గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానకాలంలో విశాఖ తీరాన తేమకు కొరత ఉండదు. చిలకల ముక్కులు మెత్తబడి కిందికి వంగాయి. మేము నవ్వుతుంటే మేడమ్ మాత్రం సంతోషించినట్లే కనిపించారు.

"రాతిని ఎంచుకున్న శిల్పి ఉలిని గురించి ఆలోచిస్తాడు. ఆహారాన్ని ఎంచుకున్న శిల్పి గాలిని గురించి కూడా ఆలోచించాలి" అన్నారు.

ఆ సందర్భంలోనే ఆమె కారొలిన్ బ్రూక్స్ అనే అమెరికా మహిళ కథ చెప్పారు. ఆమె ఆర్కన్సాస్ రాష్ట్రంలో వ్యవసాయ కుటుంబంలో ఉంటూ వెన్నతో బొమ్మలు చేయడం నేర్చుకున్నది. 1876లో ఫిలడెల్ఫియా నగరంలో జరిగిన మహాప్రదర్శనలో, పాలగిన్నెలో వెన్నతో మలచిన నిద్రిస్తున్న యువతి ముఖాన్ని ప్రదర్శించి వేలమందిని ఆకర్షించింది. వేసవి ఎండలకు అది కరిగిపోకుండా గిన్నె కింద మంచుగడ్డలు పెట్టి, అవి కరిగినప్పుడల్లా మారుస్తూ ఉండేవారట. టిబెట్టు బౌద్ధారామాలలో భిక్షువులు కూడా రంగులద్దిన వెన్నతో పువ్వులు, దేవతామూర్తులు తీర్చుతారు. అక్కడి చలి వారికి సహాయం చేస్తుంది. మెక్సికో దేశంలోని ఒహాకా నగరంలో 1897 నుంచి ప్రతి డిసెంబరు 23వ తేదీన ముల్లంగి దుంపలను చెక్కి పోటీలు జరుపుతున్నారు. కొద్ది గంటలలోనే ఆ ముల్లంగి బొమ్మలు వాడిపోవడం మొదలవుతుంది.

మా తరగతిలో గోదావరి జిల్లా నుంచి వచ్చిన మిత్రుడొకడు వెంటనే లేచి, 2016లో తాపేశ్వరంలో 29,465 కిలోల లడ్డూ తయారై గిన్నిస్ పుస్తకానికి ఎక్కిందని గర్వంగా చెప్పాడు. అది నిజమే. అంత బరువైన మిఠాయిని విరిగిపోకుండా నిలబెట్టడం సామాన్యమైన పని కాదు. అయినా గుండ్రని దానిని ఎంత పెద్దది చేసినా గుండ్రంగానే ఉంటుంది గదా అని మాలో ఒకరు అనేసరికి తరగతి రెండు పక్షాలుగా చీలింది. ఆ చర్చ ఇప్పటికీ తేలలేదు.

తరువాతి శనివారానికి ఒక్కొక్క బృందం ఒక్కొక్క ఆహారశిల్పం చేయాలని మేడమ్ ప్రకటించారు. ముప్పైఆరు మందిమి, నలుగురేసి చొప్పున తొమ్మిది బృందాలం. మా బృందంలో ఒక సహాధ్యాయి చెయ్యి కట్టుకొని కూర్చున్నాడు. అతని తండ్రి సముద్రం మీద వేటకు వెళతాడు. కారణమడిగితే మొదట చెప్పలేదు. రెండవసారి అడిగితే లేచి నిలబడ్డాడు.

"ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి వరకు మా ఇంట్లో వేట ఉండదు మేడమ్. ఆ రెండు నెలలూ మా అమ్మ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, లోతు చూసి గాని ఎసరు పెట్టదు. పిండితో బొమ్మ చేసి, చూసి, పారేస్తామంటే నా వల్ల కాదు."

తూర్పు తీరమంతటా చేపలు గుడ్లు పెట్టే కాలంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అరవైఒక్క రోజులు, మరపడవల వేటను నిషేధిస్తారు. ఈ సంగతి మేము సాంఘికశాస్త్రంలో చదివి మార్కులు తెచ్చుకున్నాము. ఆ అరవైఒక్క రోజులు ఒక ఇంటి బియ్యం డబ్బాలో ఎట్లా కనిపిస్తాయో ఆనాడు మొదటిసారి విన్నాము. తరగతిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

మేడమ్ అతనిని కూర్చోమని, సుద్దముక్క తీసుకొని నల్లబల్ల మీద నియమాలు వ్రాశారు. తినరాని వస్తువేదీ శిల్పంలో ఉండరాదు. పుల్ల, సూది, జిగురు, దుకాణపు రంగు, ఏవీ పనికిరావు. ఆ సాయంత్రం ఫలహారానికి మనిషికి ఎంత బియ్యం పడుతుందో అంతే తీసుకోవాలి, అంటే తలకొక గుప్పెడు. చేతులు కడుక్కొని పని ప్రారంభించాలి. పూర్తయిన గంటలోపల బృందంలోని నలుగురూ దానిని పంచుకొని తినాలి. కొసన మరొక మాట వ్రాసి కింద గీత గీశారు. మొత్తం యాభై మార్కులలో పది మార్కులు రుచికి.

"నువ్వు చెప్పినట్లు పారేసేది ఏదీ ఉండదు. ఇప్పుడు చేస్తావా?" అని అడిగారు.

అతడు కొంచెం ఆలోచించి, "పడవ చేస్తామంటే చేస్తాను" అన్నాడు.

మాకు మాత్రం ఓడ మీద మనసు. విశాఖపట్టణం ఓడల ఊరు. 1933లో రేవు ప్రారంభమైంది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మన దేశంలో నిర్మించిన తొలి ఆవిరి ఓడ 'జలఉష' ఇక్కడి నౌకానిర్మాణ కేంద్రంలోనే రూపుదిద్దుకొని, 1948 మార్చి 14న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ చేతులమీదుగా జలప్రవేశం చేసింది. అటువంటి ఓడను పిండితో చేస్తే ఎంత ఠీవిగా ఉంటుందని మా ముగ్గురి ఊహ. అయితే మేడమ్ పెట్టిన నియమం ఓడకు అడ్డు వచ్చింది. తినాలంటే ఉడకాలి. ఓడ అడుగుభాగాన్ని గట్టి ముద్దగా చేస్తే ఆవిరి లోపలి వరకు చేరక నడుమ పచ్చిగా మిగులుతుంది. బోలుగా చేస్తే ఉడికేటప్పుడు మెత్తబడి కూలిపోతుంది. తెప్పకు ఆ చిక్కు లేదు. తెప్ప అంటే దుంగలు. బొటనవేలు లావున చుట్టిన పిండి దుంగ పావుగంటలో లోపలిదాకా ఉడుకుతుంది. అట్లా మా మిత్రుడు కోరిన తెప్పనే వంటశాస్త్రం కూడా ఎన్నుకున్నది.

ఇక ఏ పిండి అనే ప్రశ్న వచ్చింది. చలిమిడి అయితే అందంగా నిలుస్తుంది గాని తియ్యగా ఉంటుంది. సముద్రానికి మేము కొత్తిమీర పచ్చడి అనుకున్నాము. తియ్యని తెప్ప, కారపు సముద్రం ఒకే పళ్ళెంలో కూడదు. పది మార్కుల సంగతి అటుంచి, తినవలసినది మేమే గదా. అందువల్ల కుడుముల పిండిని నిర్ణయించాము. నీళ్ళలో ఉప్పు, జీలకర్ర, ఒక చెంచా నూనె వేసి మరగనిచ్చి, బియ్యప్పిండి పోసి కలియబెట్టి మూతపెట్టాము. గోరువెచ్చగా ఉండగానే చేతికి నూనె రాసుకొని మర్దించాము.

ఇక్కడ పిండి స్వభావం గురించి రెండు మాటలు చెప్పాలి. చల్లని నీటితో తడిపిన బియ్యప్పిండి ముద్దగా నిలవదు. చేతిలో ఇసుకవలె విడిపోతుంది. మరిగే నీరు తగిలినప్పుడు అందులోని పిండిపదార్థం ఉబ్బి జిగట పుడుతుంది. ఆ జిగటే రూపాన్ని పట్టి నిలుపుతుంది. గోధుమపిండి సంగతి వేరు. అందులో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉండడం వల్ల ముద్ద రబ్బరువలె సాగుతుంది. లాగి వదిలితే వెనక్కి ముడుచుకుంటుంది. పూరీలు ఒత్తేవారికి ఈ అనుభవం కొత్త కాదు. పక్క బృందంవారు గోధుమపిండితో తాబేలు చేయబోతే, కాళ్ళు ఎంత సాగదీసినా పొట్టలోకి పోతూ ఉండేవి. ముద్దను అరగంట తడిగుడ్డ కింద ఉంచిన తరువాతగాని అవి మాట వినలేదు. బియ్యప్పిండికి అటువంటి పంతం లేదు, ఎట్లా ఉంచితే అట్లా ఉంటుంది. దానికి పగలడమొక్కటే దోషం. గాలి తగిలి పైపొర ఆరిందంటే బీటలు వారుతుంది. మా మొదటి రెండు దుంగలు అట్లాగే పగిలాయి. వాటిని మళ్ళీ ముద్దలో కలిపి, వేడినీళ్ళు చిలకరించి, తడిగుడ్డ కప్పి పని సాగించాము. విరిగిన రాతిని శిల్పి అతికించలేడు. విరిగిన పిండిని తిరిగి పిసకవచ్చు. ఈ సదుపాయం ఉన్న శిల్పాలు అరుదు.

దుంగలు చుట్టడం మొదలుపెట్టిన తరువాత మా మిత్రుడు పూర్తిగా మారిపోయాడు. మేము అయిదు దుంగలను సమానంగా చుట్టి ఒకే మట్టాన పేర్చాము. అతడు చూసి, అన్నీ విడదీశాడు.

"ఇది తలుపు. తెప్ప కాదు" అన్నాడు.

నడిమి దుంగలు కొంచెం కిందికి దిగి ఉండాలనీ, అంచు దుంగలు పైకి లేవాలనీ, ముందు కొసలు అలను చీల్చేటట్లు సన్నబడి పైకి వంగాలనీ చెప్పాడు. చెబుతూనే వేళ్ళతో నొక్కి చూపించాడు. అతడు బొమ్మలు గీయడంలో వెనకబడినవాడని అప్పటివరకు మా అందరి అభిప్రాయం. పడవ ఒంపు మాత్రం అతని వేళ్ళకు కంఠస్థమై ఉన్నది. ఇప్పుడు రుషికొండ, భీమిలి తీరాలలో మోటారు బిగించిన ఫైబర్ పడవలే ఎక్కువగా కనిపిస్తాయి. తెప్పల మీద అతని తాత వేటాడాడు. దుంగలను తాళ్ళతో బిగించి కట్టడమే తెప్ప నిర్మాణంలో కీలకమనీ, ఒడ్డుకు చేరిన తరువాత కట్లు విప్పి దుంగలను ఎండలో ఆరబెట్టేవారనీ, నీరు పీల్చిన దుంగ బరువెక్కి మునుగుతుందనీ తాత చెప్పగా విన్నాడట. ఆంగ్లంలోని 'కాటమరాన్' అనే మాట కూడా కట్టిన కొయ్య అనే అర్థంగల తమిళ పదం 'కట్టుమరం' నుంచే పుట్టిందని మేడమ్ ఆ మాటకు చేర్పు చేర్చారు.

తాళ్ళు దేనితో చేయాలన్నది పెద్ద సమస్య అయింది. దారం తినరానిది. అరటినార తినరానిది. తోటకూర కాడలు కట్టబోతే తెగిపోయాయి. చివరికి మా బృందంలోని అమ్మాయి ఇంటి నుంచి తెచ్చిన జంతికల గొట్టం అక్కరకు వచ్చింది. మిగిలిన పిండిని సన్నరంధ్రాల బిళ్ళ వేసి వత్తితే తీగలు తీగలుగా దిగింది. ఆ తీగలను దుంగల మీదుగా రెండుచోట్ల చుట్టి, ఇడ్లీపాత్రలో తడిగుడ్డ పరచి, తెప్పనంతటినీ ఎత్తి పెట్టాము. ఆవిరిలో తీగలు, దుంగలు ఒకదానికొకటి అంటుకొని గట్టిపడ్డాయి. కొయ్య తెప్పకు తాడు చేసే పని పిండి తెప్పకు ఆవిరి చేసిపెట్టింది.

మిగిలిన అలంకారానికి ఎక్కువ శ్రమ పడలేదు. పళ్ళెంలో పచ్చడి పరిచి, అలల నురుగుకు కొబ్బరికోరు చల్లాము. ఒడ్డున ఇసుకకు వేయించిన బొంబాయి రవ్వ. తెడ్డుకు కొబ్బరి ముక్క. తెరచాప ఒక్కటే మమ్మల్ని చాలాసేపు ఆపింది. మినపప్పడాన్ని నిలువుగా నిలబెట్టాలి. కొబ్బరి పుల్లను తెరచాప కొయ్యగా గుచ్చవచ్చునని నేనంటే, పుల్ల తినరాదు గదా అని మిత్రుడు నియమం గుర్తుచేశాడు. మొదట చేతులు కట్టుకొని కూర్చున్నవాడే ఇప్పుడు నియమానికి కావలికాసేవాడయ్యాడు. గాజరగడ్డను పెన్సిలంత సన్నగా చెక్కి, దుంగల నడుమ గుచ్చి, అప్పడాన్ని దానికి ఆనించాము. సముద్రపు గాలికి అయిదు నిమిషాలలో అప్పడం మెత్తబడి ఒక పక్కకు వంగింది. పంచదార చిలకను చెడగొట్టిన తేమే అప్పడాన్ని గాలి నిండిన తెరచాపను చేసింది.

అన్ని బృందాలవీ బల్లమీద వరుసగా పెట్టాము. నువ్వుల చిమ్మిలితో నల్లని డాల్ఫిన్స్ నోస్ కొండను చేసి, దాని మీద కొబ్బరితో దీపస్తంభం నిలిపినవారు ఉన్నారు. వెలగపండు గుజ్జుతో ఏనుగు చేసినవారు ఉన్నారు. రూపంలో ఆ ఏనుగుకు సాటి లేదు గాని రుచి మార్కులలో వెనకబడింది. బెల్లం వేయడం మరచారట. గోధుమపిండి తాబేలు నూనెలో వేగి కాళ్ళన్నీ విచ్చుకొని సాలెపురుగైంది. ఆ బృందంవారు వెంటనే దాని పేరు మార్చి పళ్ళెం పక్కన చీటీ పెట్టారు.

పత్రికలలో కనిపించే వంటకాల చిత్రాలలో కొన్నిసార్లు మెరుపు కోసం తినరాని పదార్థాలు కూడా వాడతారని మేడమ్ మాకు చెప్పారు. అక్కడ ఆహారం ఆహారంగా నటిస్తుంది. మా బల్లమీద ఉన్నవాటికి ఆ అవకాశం లేదు. ప్రతి పళ్ళెం నుంచీ ఆమె చిటికెడు తీసి నోట వేసుకొని, కాగితం మీద ఏదో వ్రాసుకుంటూ సాగారు. మా తెప్ప దగ్గర తెడ్డును విరిచి పచ్చడిలో ముంచి తిన్నారు.

గంట అయింది. పంచుకొనే సమయం వచ్చింది. ఇతర బృందాలవారు చాకులతో కోస్తున్నారు. నేను కూడా చాకు తీశాను. మా మిత్రుడు దానిని పక్కకు పెట్టి, పిండి తాళ్ళను ఒక్కొక్కటిగా గోటితో లేపి, చుట్లు విప్పడం మొదలుపెట్టాడు. రెండు కట్లూ విడిపోయాయి. అయిదు దుంగలు విడివిడిగా పళ్ళెంలో ఒరిగాయి. నలుగురికీ నాలుగు ఇచ్చి, అయిదవదాన్ని ఆకులో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఇంటికా అని మేమడగలేదు. పచ్చడిలో అద్దుకొని తింటుంటే జీలకర్ర వాసన వచ్చింది. దుంగ నడుమ కూడా చక్కగా ఉడికింది.

తెరచాప మిగిలిపోయింది. మెత్తబడిన అప్పడాన్ని అట్లాగే తినలేము. మిత్రుడు దానిని కిటికీ గట్టు మీద ఎండలో పరిచి, ఎగిరిపోకుండా అంచున పంచదార చిలక అచ్చు పెట్టాడు. సోమవారం మధ్యాహ్నానికి అది గలగలమంటూ ఎండింది. మధ్యాహ్న భోజనం వండే అమ్మను అడిగి పొయ్యిమీద కాల్పించుకొని, నాలుగు ముక్కలు చేసుకున్నాము.